ఎత్తుల రాస్టర్లు పోస్ట్‌జిస్‌లో: అపోహలు - వాస్తవాలు

విశాఖ తీరం నుంచి అనంతగిరి కొండల దాకా వంద కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ లోపే నేల ఎత్తు సున్నా నుంచి వెయ్యి మీటర్లు దాటిపోతుంది. వరద ముంపు, కొండవాలు, రోడ్డు అలైన్‌మెంట్, ఏ పని పట్టుకున్నా ఎలివేషన్ డేటా తప్పదు. అది ఎక్కువగా రాస్టర్‌గా, అంటే ఒక్కో గడిలో (పిక్సెల్‌లో) ఒక ఎత్తు ఉండే ఫైలుగా దొరుకుతుంది. ఫైళ్లు పెరిగి ఫోల్డర్లు నిండాక అందరి చూపూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మ్యాపు డేటాను దాచనిచ్చే పోస్ట్‌జిస్ మీదే పడుతుంది. అది మంచి దారే. కానీ డేటాబేస్ మన తప్పుల్ని సరిదిద్దదు, ఇచ్చింది ఇచ్చినట్టు దాస్తుంది. కింది అపోహల్లో చాలావరకు ఈ సంగతి మరవడం వల్ల పుట్టినవే.

అపోహ: టిఫ్ ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కిస్తే వేగం దానంతటదే వస్తుంది.

వాస్తవం: వేగమంతా టైల్ సైజులో, అంటే రాస్టర్‌ను కోసి టేబుల్‌లో ఒక్కో వరుసలో పెట్టే ముక్క సైజులో ఉంది. విశాఖ నగరం పడే ఎస్ఆర్‌టీఎం (నాసా షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా) ఫైలు ఎన్17ఈ083. పేరులో ఉన్నవి దాని నైరుతి మూల అక్షాంశ రేఖాంశాలు. అందులో 3601 × 3601 పిక్సెళ్లు, ఒక్కోటి 2 బైట్లు, మొత్తం 2,59,34,402 బైట్లు. దీన్ని ఒకే వరుసగా ఎక్కిస్తే కైలాసగిరి మీద ఒక్క పాయింట్ ఎత్తు అడిగినా ఆ రెండున్నర కోట్ల బైట్లూ కదలాలి. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ. సుమారు 2 కేబీ దాటిన వరుసలోని పెద్ద విలువ ముక్కలై టోస్ట్ అనే పక్క టేబుల్‌లోకి పోతుంది, చదివేటప్పుడు ఆ ముక్కలన్నీ మళ్లీ అతుక్కోవాలి.

ఎస్ఆర్‌టీఎంలో పక్కపక్క ఫైళ్లు అంచున ఒక పిక్సెల్ వరుసను పంచుకుంటాయి. నేరుగా ఎక్కిస్తే ఆ గీత మీద ఒకే చోటికి రెండు జవాబులొస్తాయి. ముందు రాస్టర్ పనుల టూల్‌కిట్ జీడాల్‌లోని జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీతో అన్నిటినీ ఒకే మొజాయిక్ చేసి, దాన్ని టైళ్లుగా కోయడం సరైన పద్ధతి. ఒక డిగ్రీకి 3600 పిక్సెళ్లు అనుకుంటే 100 సైజుకు 36 × 36, అంటే 1,296 టైళ్లు. 300 సైజుకు 144. అలవాటు కొద్దీ 256 పెడితే 14 టైళ్లు పోను చివర 16 పిక్సెళ్ల పట్టీ మిగులుతుంది. పాయింట్ ఎత్తులే ఎక్కువగా అడిగే పనికి 100, వార్డు, మండలం సగటులకు 200 నుంచి 300 మధ్య పెట్టమంటాను.

అపోహ: ఇండెక్స్ వేశాం కదా, ఇక క్వెరీ ఎలా రాసినా ఒకటే.

వాస్తవం: రాస్టర్లను ఎక్కించే లోడర్ రాస్టర్2పీజీఎస్‌క్యూఎల్‌లో క్యాపిటల్ ఐ ఆప్షన్ వేసే జిస్ట్ (చోటును బట్టి వెతికే) ఇండెక్స్ టైల్ చుట్టుగీత మీద ఉంటుంది, పిక్సెళ్ల మీద కాదు. వేర్ క్లాజ్‌లో ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్ (పాయింట్ ఏ టైల్‌లో పడుతుందో చూసేది) లేకుండా ఎస్‌టీ_వాల్యూ (పిక్సెల్ విలువ చదివేది) ఒక్కటే రాస్తే ప్రతి టైల్‌నూ తెరవాల్సిందే. రెండో పొరపాటు, పాయింట్‌ను వదిలి రాస్టర్‌నే ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్ చేయడం, అంటే వేరే కోఆర్డినేట్ వ్యవస్థకు మార్చడం. అలా చేస్తే ఇండెక్స్ పనికిరాదు. మార్చాల్సింది పాయింట్‌ను.

అపోహ: ఎస్ఆర్ఐడీ (కోఆర్డినేట్ వ్యవస్థ నంబరు) 4326 అని ఒకటే ఉంటే చాలు, ఏ డెమ్ (ఎత్తుల రాస్టర్) అయినా ఒకే టేబుల్‌లో పెట్టొచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, ఎందుకంటే ఏ ఎర్రరూ రాదు. 4326 చెప్పేది అక్షాంశ రేఖాంశాల సంగతి మాత్రమే, ఎత్తును ఎక్కణ్ణుంచి కొలిచారో అది చెప్పదు. ఎస్ఆర్‌టీఎం ఎత్తులు ఈజీఎం96 జియాయిడ్ (సగటు సముద్రమట్టానికి దగ్గరి నమూనా ఉపరితలం) మీద, యూరప్ వారి కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ ఈజీఎం2008 అనే మరో జియాయిడ్ మీద, ఇస్రో పోర్టల్ భువన్‌లో దొరికే కార్టోడెమ్ డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ (భూమికి దగ్గరగా సరిపోయే నున్నటి గణిత ఆకారం) మీద ఉంటాయి. మన తీరంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్ కంటే పదుల మీటర్లు కింద ఉంది. అందుకే కార్టోడెమ్‌లో ఆర్కే బీచ్ ఇసుక ఎత్తు మైనస్ పదుల మీటర్లు చూపిస్తే డేటా పాడైనట్టు కాదు. దాన్ని ఎస్ఆర్‌టీఎం పక్కన అతికిస్తేనే అతుకు దగ్గర లేని లోయ పుడుతుంది. సర్వే బెంచ్‌మార్కులు (ఎత్తు తేల్చి నాటిన గుర్తులు) సగటు సముద్రమట్టం లెక్కలోవి. 1909 నాటి దేశ లెవెలింగ్ సర్దుబాటుకు ఆధారమైన 9 టైడ్ గేజ్ (సముద్రమట్టం కొలిచే) కేంద్రాల్లో విశాఖ కూడా ఒకటి. బెంచ్‌మార్కులతో పోల్చాలంటే ఎలిప్సాయిడ్ ఎత్తుల్ని ముందు జియాయిడ్ మీదికి తేవాలి.

మార్చడానికి జీడాల్‌వార్ప్‌లో మూలం 4979 (ఎలిప్సాయిడ్ ఎత్తులు), గమ్యం 4326+3855 (ఈజీఎం2008 ఎత్తులు) ఇవ్వాలి. ఇక్కడో చిక్కుంది. కోఆర్డినేట్లు మార్చే లైబ్రరీ ప్రోజ్ దగ్గర జియాయిడ్ గ్రిడ్ ఫైలు లేకపోతే ఎత్తులేమీ మారకుండానే పని అయిపోయినట్టు కనిపించవచ్చు. పని ముగిశాక బీచ్ మీద ఒక పిక్సెల్ విలువ చూడండి. సున్నాకు దగ్గరగా లేకపోతే మార్పు జరగనట్టే. టేబుల్‌లో మూలం పేరుకు, ఎత్తు ఆధారానికి విడివిడి కాలమ్స్ తప్పకుండా పెట్టండి.

అపోహ: సముద్రం కనపడకూడదంటే సున్నాను నోడేటా (ఇక్కడ విలువ లేదనే గుర్తు) చేస్తే సరిపోతుంది.

వాస్తవం: సముద్రంతో పాటు సున్నా మీటర్లున్న ఉప్పుటేరు ఒడ్డులు, పల్లపు నేలలు కూడా మాయమవుతాయి. ముంపు పనికి కావాల్సింది సరిగ్గా ఆ నేలే. సముద్రాన్ని తీరరేఖ పాలిగన్‌తో ఎస్‌టీ_క్లిప్ చేసి తీసేయాలి. అసలు నోడేటా విలువ ఎస్ఆర్‌టీఎంలో -32768. అది ప్రకటించకుండా బైలీనియర్ రీశాంప్లింగ్ (పక్క పిక్సెళ్లను కలిపి కొత్త విలువ కట్టడం) చేస్తే పక్కనున్న 40 మీటర్ల పిక్సెల్‌తో కలిసి -16364 లాంటి విలువలు పుడతాయి. తర్వాత -32768ను ఎంత వెతికి తుడిచినా అవి దొరకవు. ఎస్‌టీ_సమ్మరీస్టాట్స్‌లో కనిష్ఠ విలువ చూస్తే మాత్రం వెంటనే బయటపడతాయి. ఇంకో మాట, లోడర్‌లో క్యాపిటల్ ఎన్ ఆప్షన్ నోడేటా లేని బ్యాండ్లకే వర్తిస్తుంది, ఉన్న తప్పు విలువను మార్చదు.

అపోహ: వాలు ఎప్పుడైనా ఎస్‌టీ_స్లోప్‌తో తీసుకోవచ్చు.

వాస్తవం: అడ్డం డిగ్రీల్లో, నిలువు మీటర్లలో ఉంటే మైదానం కూడా 90 డిగ్రీలకు దగ్గరి వాలు చూపిస్తుంది. స్కేల్ 111120 (ఒక డిగ్రీకి మీటర్లు) ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది కానీ పూర్తిగా కాదు. విశాఖ అక్షాంశంలో ఒక ఆర్క్ సెకను ఉత్తర దక్షిణాలకు సుమారు 30.7 మీటర్లు, తూర్పు పడమరలకు 29.5 మాత్రమే. మీటర్లలో కొలిచే కోఆర్డినేట్ వ్యవస్థ యూటీఎంకి మారిస్తే మేలు. అయితే విశాఖ 44వ జోన్‌లో ఉంది, 84 డిగ్రీల రేఖాంశం దాటాక పలాస, ఇచ్ఛాపురం 45వ జోన్‌లో పడతాయి. ఉత్తరాంధ్ర మొత్తానికి 32644 (44వ జోన్ ఎస్ఆర్ఐడీ) ఒక్కటే వాడాలని నిర్ణయించుకుంటే ఆ సంగతి రాసిపెట్టుకోండి. పైగా టైల్ అంచు పిక్సెళ్లకు పొరుగు పిక్సెళ్లు దొరక్క ఫలితం మీద గళ్ల గీతలు పడతాయి. పొరుగు టైళ్లను ఎస్‌టీ_యూనియన్ చేసి లెక్క కట్టి మళ్లీ కోయొచ్చు. నా మట్టుకు జీడాల్‌డెమ్‌తో మొజాయిక్ మీదే వాలు తీసి, దాన్ని వేరే టేబుల్‌గా ఎక్కించడమే శుభ్రమైన పని.

అపోహ: రాస్టర్‌ను బయట ఉంచితే అది డేటాబేస్ కానట్టే.

వాస్తవం: మారని డెమ్‌కు బయట ఉంచడమే తరచుగా మేలు. క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో టేబుల్‌లో ఫైలు దారి మాత్రమే ఉంటుంది. ఆ దారిని చదవగలగాల్సింది మీ లాప్‌టాప్ కాదు, సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్ యూజర్. బయటి రాస్టర్ల అనుమతి, జీడాల్ డ్రైవర్లు, రెండూ మొదట్లో ఆపి ఉంటాయి, రెండింటినీ ఆన్ చేయాలి. ఫైలు పట్టీలుగా కాకుండా లోపల టైళ్లుగా ఉండాలి, ఆ బ్లాక్ సైజునే లోడర్‌కూ ఇవ్వాలి. పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ కమాండ్ పీజీ_డంప్‌లో ఈ ఫైళ్లు రావు, వాటి బ్యాకప్ విడిగా తీయాల్సిందే.

అపోహ: కన్‌స్ట్రెయింట్స్ (టేబుల్ ఏ టైళ్లను ఒప్పుకోవాలనే నిబంధనలు) మొదటి లోడ్‌లోనే పెట్టేయాలి.

వాస్తవం: విశాఖ ఎక్కించి క్యాపిటల్ సీ పెడితే గరిష్ఠ విస్తీర్ణం అక్కడితో బిగుసుకుంటుంది, రేపు శ్రీకాకుళం టైల్‌ను టేబుల్ తిప్పికొడుతుంది. విడతలుగా ఎక్కించేవారు చిన్న ఎక్స్ ఆప్షన్‌తో ఆ ఒక్కదాన్ని ఆపాలి, లేదా అన్నీ ఎక్కాక యాడ్‌రాస్టర్‌కన్‌స్ట్రెయింట్స్ నడపాలి.

అపోహ: ఓవర్‌వ్యూ (తక్కువ రిజల్యూషన్ కాపీ) టేబుళ్లు వాటంతటవే తాజాగా ఉంటాయి.

వాస్తవం: ఉండవు. అసలు టేబుల్‌లో టైల్ మార్చాక పాత ఓవర్‌వ్యూను తొలగించి ఎస్‌టీ_క్రియేట్‌ఓవర్‌వ్యూతో మళ్లీ చేయాలి. అవి మ్యాపు సాఫ్ట్‌వేర్ క్యూజిస్‌లో చూడటానికే. వాటి మీద గరిష్ఠ ఎత్తు అడిగితే కొండ కొన ఎగిరిపోయిన సంఖ్య వస్తుంది.