ఒకే యంత్రంలో పలు సర్వర్లు: వీపీఎస్ పనితీరు

ఒక చిన్న సంస్థ తన వెబ్‌సైట్‌ను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నడపడానికి వీపీఎస్ (వర్చువల్ ప్రైవేట్ సర్వర్) అద్దెకు తీసుకున్నప్పుడు దానికి దక్కేది డేటా సెంటర్‌లోని ఒక పెద్ద యంత్రంలో కొంత వాటా మాత్రమే. అయినా ఆ వాటాకు సొంత ఆపరేటింగ్ సిస్టమ్, నిర్ణీత మెమరీ, రూట్ అధికారం (సర్వర్‌పై పూర్తి నియంత్రణ) ఉంటాయి. ఈ పంపకాన్ని చూసుకునే ప్రోగ్రామే హైపర్‌వైజర్.

ఐబీఎం 1972లోనే వీఎం/370 పేరుతో తన మెయిన్‌ఫ్రేములకు, అంటే భారీ కంప్యూటర్లకు, ఈ సదుపాయం కల్పించింది. చిక్కల్లా తర్వాత వచ్చిన, పీసీల్లో వాడే ఎక్స్86 ప్రాసెసర్లతోనే. యంత్రం స్థితిని మార్చే ఆదేశాన్ని అధికారం లేని ప్రోగ్రామ్ ఇస్తే ప్రాసెసర్ దాన్ని అక్కడే ఆపి హైపర్‌వైజర్‌కు అప్పగించాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు పోపెక్, గోల్డ్‌బర్గ్ 1974లో సూత్రీకరించారు. ఎక్స్86లోని ‘పాప్‌ఎఫ్’ ఆదేశం అలా ఆగేది కాదు. ఇంటరప్ట్‌లను (ప్రాసెసర్ పనికి మధ్యలో అడ్డొచ్చే సంకేతాలను) నిలిపివేయమని దాని ద్వారా కోరితే, అధికారం లేనప్పుడు ప్రాసెసర్ ఏ లోపమూ చూపకుండా ఆ కోరికను వదిలేసేది. హైపర్‌వైజర్ కింద అధికారం లేకుండా నడిచే లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం పని జరిగిందనుకుని ముందుకు సాగేది, హైపర్‌వైజర్‌కు ఆ సంగతే తెలిసేది కాదు. ఇలాంటి ఆదేశాలను నడుస్తుండగానే తిరగరాసే పద్ధతితో వీఎంవేర్ సంస్థ 1999లో ఈ అడ్డంకిని దాటింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే తగిన ఏర్పాటు చేశాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లైనక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) చేరింది. వీపీఎస్ ఇంత చవకగా దొరకడానికి అసలు కారణం ఈ మార్పులేనని నా అభిప్రాయం.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అనేక సైట్లు పంచుకుంటాయి కనుక, కావలసిన డేటాబేస్ వెర్షన్‌ను వేసుకునే స్వేచ్ఛ వ్యాపారికి సాధారణంగా ఉండదు. వీపీఎస్‌లో ఆ స్వేచ్ఛ ఉంది. పండుగ అమ్మకాల ముందు మెమరీ పెంచుకుని, తర్వాత చిన్న ప్లాన్‌కు మారే వీలును కూడా చాలా సంస్థలు ఇస్తున్నాయి. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ (సర్వర్ అప్పటి స్థితి నకలు) తీసుకుంటే, ఏదైనా చెడినప్పుడు పాత స్థితికి నిమిషాల్లో వెళ్లవచ్చు. అయితే అది అదే డిస్కులో ఉంటే బ్యాకప్ అనిపించుకోదు.

రూట్ అధికారంతో పాటు సెక్యూరిటీ ప్యాచ్‌ల బాధ్యత కూడా, నిర్వహణ సేవకు విడిగా చెల్లిస్తే తప్ప, కొనుగోలుదారుడిదే. ప్రాసెసర్ కోర్లను కొన్ని సంస్థలు ఉన్నదానికంటే ఎక్కువ మందికి కేటాయిస్తాయి. లైనక్స్‌లో ‘టాప్’ కమాండ్ ఇచ్చి ‘ఎస్‌టీ’ అనే అంకె చూస్తే, మన సర్వర్ పనికి సిద్ధంగా ఉన్నా అసలు ప్రాసెసర్ ఇతరుల పనిలో ఉండి ఎంత శాతం సమయం అందకుండా పోయిందో తెలుస్తుంది. రద్దీ వేళల్లో ఆ అంకె పదేపదే పెరుగుతుంటే మెమరీ ఎంత పెంచినా ఫలితం ఉండదు. వేరే యంత్రానికి మార్చమని అడగాలి, లేదా కోర్లను పూర్తిగా మనకే కేటాయించే ప్లాన్ తీసుకోవాలి.