గిటార్ బాడీ డిజైన్: షాపుకొచ్చేటోళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

మాది వడ్లోళ్ళ ఇల్లు. తాత నాగళ్ళు చేసిండు, నాన్న దర్వాజలు చేసిండు, నేను హన్మకొండల అదే షెడ్డుల ఎలక్ట్రిక్ గిటార్లకు, బేస్‌లకు (లావు తీగలతోటి మంద్రంగ పలికే గిటార్లు) బాడీలు కోస్తున్న. వచ్చేటోళ్ళల్ల ఎక్కువ కాలేజీ పోరగాళ్ళే, ఫోన్‌ల ఒక బొమ్మ తెస్తరు, "అన్నా గిట్ల కావాలె" అంటరు, బొమ్మ మస్తుగనే ఉంటది గని బాడీ మీద తీగలు ఆగే బ్రిడ్జ్ ఏడొస్తది, చెయ్యి పట్టే పొడుగు నెక్ ఏడ కూసుంటది అనడిగితే మొకాలు చూస్కుంటరు. రోజూ చెప్పుడే అయితుందని ఇగ ఇక్కడ రాసి పెడుతున్న.

అపోహ: ముందు షేప్ గీసుకుంటే సామాన్లు తర్వాత సర్దుకోవచ్చు.

వాస్తవం: మొత్తం ఉల్టా. పేపర్ మీద మొదటిది సెంటర్ లైన్, దాని మీద నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ), పన్నెండో ఫ్రెట్ (ఫ్రెట్లంటే నెక్ మీది అడ్డ లోహపు గీతలు), బ్రిడ్జ్. ఫెండర్ కంపెనీ గిటార్లల్ల ఎక్కువ వాటికి స్కేల్, అంటే తీగ పలికే పొడుగు, 25.5 ఇంచులు అంటే 648 మిల్లీమీటర్లు, బేస్‌కు మామూలుగ 34 ఇంచులు, 864. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు ఎంతుంటదో అక్కడి నుంచి బ్రిడ్జ్‌ల తీగ ఆనే శాడిల్‌కు అంతే ఉండాలె, లావు తీగలకు ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు ఎనుకకు. ఇది బేరమాడే లెక్క కాదు. తర్వాత తీగ ఊగుడును పట్టే పికప్‌లు, వాల్యూమ్ తిప్పే పాట్లు పట్టే గుంత, వైరు పెట్టే జాక్. ఇవన్నీ పోంగ మిగిలిన జాగల మీ ఇష్టమొచ్చినట్టు వంపులు తిప్పుకోండ్రి.

అపోహ: నెక్ కిందికి వాలితే ఎనుక బరువు పెడితే అయిపాయె.

వాస్తవం: బరువు పెడితే వాలుడు తగ్గుతది, భుజం పోతది. అసలు సంగతి బెల్టు బటన్ ఏడుందన్నది. పై కొమ్ము పన్నెండో ఫ్రెట్ దగ్గరిదాకా వస్తే గిటార్ దానంతట అదే నిలుస్తది, కొమ్ము పొట్టిగుంటే ఎడమ చెయ్యి నెక్కును మోసుకుంటనే వాయించాలె. 1963ల వచ్చిన గిబ్సన్ థండర్‌బర్డ్ బేస్ చూడనీకె ఎంత అందమో నెక్ వాలుడుకు అంత పేరువడ్డది. బేస్‌కు ఇది ఇంకా కష్టం, నెక్ పొడుగు, దాని కొసన తీగలు బిగించే ట్యూనర్లు బరువు.

మొన్న ఒక తమ్ముడు కాకతీయ తోరణం షేప్‌ల బేస్ కావాలన్నడు. ఐడియా నాకు ఎంత నచ్చిందంటే ఆ రాత్రే గీసి కూసున్న. ఆయన గీసిన దాంట్ల తోరణం అడ్డంగ పండుకుంది, పైన కొమ్మే లేదు. నేను దాన్ని తిప్పి స్తంభాలు రెండూ నెక్ దిక్కుకు పెట్టిన, పైన హంసలుండే దూలం తోక దిక్కుకు పోయింది, నెక్ ఆ రెండు స్తంభాల నడుమ కెల్లి దర్వాజల కెల్లి పోయినట్టు పోతది. ఇగ పై స్తంభం కింది దానికంటే నాలుగు ఇంచులు పొడుగు చెయ్యాలన్న. "అన్నా, తోరణానికి ఒక కాలు పొడుగు ఏంది, కోటకు పోయి చూడు, రెండూ సమానమే" అని లొల్లి. సరే అని ప్లైవుడ్‌ల రెండూ కోసిన, పాత నెక్ బిగించిన, అసలు బేస్ అంత బరువు రావాలని ఇనుప ముక్కలు టేప్ వేసిన, బెల్టేసి ఆయన మెడలనే తగిలేసిన. సమానంగున్న దాంతోటి చేతులు వదిలిండో లేదో నెక్ పోయి మోకాలికి తగిలింది. పొడుగు స్తంభమే ఖాయమైంది.

అపోహ: నెట్‌ల ఫోటో దొరికితే ప్రింట్ తీసి కోసుడే.

వాస్తవం: ఫోటోల లెన్స్ వంకర ఉంటది, అది అవుట్‌లైన్‌కు పనికొస్తది గని కొలతలకు పనికిరాదు. కొలతలున్న ప్లాన్ దొరికినా ప్రింట్ కాడ మోసపోతం. మొదట్ల నేనూ పోయిన. జిరాక్స్ సెంటర్‌ల "ఫిట్ టు పేజ్" పెట్టి తీసిండ్రు, నేను చూడలే, 97 శాతానికి దిగింది. నెక్ పాకెట్, అంటే బాడీల నెక్ కూసునే గుంత, రెండు మిల్లీమీటర్లు ఇరుకైతే, టైట్‌గుంటే మంచిదే గదా అని గీకి గీకి కూసోబెట్టిన. ఆడనే ఆగి ఆలోచించాల్సింది. బ్రిడ్జ్ రంధ్రాలు పేపర్ మీదున్నట్టే కొట్టిన, తీగలేసిన, ఖాళీ తీగ ట్యూనింగ్ కరెక్ట్, పన్నెండో ఫ్రెట్ నొక్కితే సెమిటోన్‌ల (ఒక ఫ్రెట్ తేడాల) ఆరో వంతు ఎక్కువ పలుకుతున్నది. బేస్ అది, పాకెట్ నుంచి బ్రిడ్జ్‌కు 260 మిల్లీమీటర్ల పైన దూరం, దాంట్ల మూడు శాతమంటే ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకొచ్చింది. శాడిల్ స్క్రూలు చివరిదాకా తిప్పినా అందలే. రంధ్రాలకు చెక్క బిరడాలు కొట్టి, మళ్ళ ఎనుకకు జరిపి బిగించిన, ఆ బిరడాలు ఇప్పటికీ కనవడ్తయి. అప్పటి నుంచి ప్రతి ప్లాన్‌ల 100 మిల్లీమీటర్ల గీత ఒకటి పెడ్త, ప్రింటొచ్చినంక ముందు స్టీలు స్కేల్ దానికే పెడ్త.

అపోహ: షేప్ మారితే సౌండ్ మారుతది.

వాస్తవం: వీణకు మారుతది, దాని కుండల గాలి పలుకుతది, బొబ్బిలోళ్ళు పనస దుంగను ఊరికే తొలుస్తలేరు గద. సాలిడ్ బాడీ, అంటే గుల్ల లేని గట్టి చెక్క, ఎలక్ట్రిక్ కథ వేరు. స్టీలు తీగ అయస్కాంతం మీద ఊగితే చుట్టిన వైర్ల కరెంటు పుడ్తది, ఆంప్‌కు పోయేది అదే. 1940 ప్రాంతంల లెస్ పాల్ అనే ఆయన నాలుగు ఇంచుల దుంగకు నెక్, పికప్ బిగించి వాయించిండు, అది గిటార్ లెక్క కనవడాలని మామూలు గిటార్ బాడీని నిలువునా కోసి అటొక రెక్క ఇటొక రెక్క పెట్టిండు. రెక్కలు కండ్లకే. షేప్‌తోటి మారేది వాయించేటోని సుఖం, పై ఫ్రెట్లకు చెయ్యి అందుడు, కూసుంటే తొడ మీద నిలుచుడు. 1954ల స్ట్రాటోకాస్టర్‌కు ఎనుక పొట్ట కాడ, ముందట ముంజేయి కాడ చెక్క తీసింది అందుకే.

అపోహ: మన టేకుంటే ఇంకేం కావాలె.

వాస్తవం: మంచిర్యాల దిక్కు టేకంటే నాకూ పానమే, గని ఒక మామూలు బాడీల గుంతలు పోను నాలుగు లీటర్ల పైచిలుకు చెక్క ఉంటది. ఆల్డర్ అనే తేలిక చెక్కతో చేస్తే రెండు కిలోల లోపు, టేకుతో రెండున్నర దాటుతది. లోపల తొలిస్తే తగ్గుతది. నూనె చెక్క గాబట్టి అసిటోన్‌తో తుడిచి వెంటనే అతికించాలె, లేకుంటే జిగురు నిలవదు, చెక్క తొలిచే రౌటర్ మిషన్ బిట్ కూడా జల్ది మొద్దువారుతది. ఒకాయన నిర్మల్ బొమ్మల పొనికి చెక్క తేలిక గద అని తెచ్చిండు. గోరుతో నొక్కితే గుంత పడే దానికి బ్రిడ్జ్ స్క్రూ ఎట్ల ఆగుతది చెప్పుండ్రి.

అపోహ: సీఎన్సీ (కంప్యూటర్ నడిపే కోత మిషన్) లేకుంటే ఇది అయ్యే పని కాదు.

వాస్తవం: 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొడి షీటు)ల టెంప్లేట్ ఒకటి కరెక్ట్‌గ ఉంటే జిగ్‌సా, బేరింగ్ బిట్ ఉన్న రౌటర్ చాలు. కొమ్ముల చివర్ల పోగులకు ఎదురుగ రౌటర్ తోస్తే పెళ్ళ లేస్తది, ఆడ కొద్దికొద్దిగ తియ్యాలె, నేను రెండు సార్లు కొమ్ము ఇరగ్గొట్టుకున్న. తోరణానికి మాత్రం సీఎన్సీకే పోయిన, హంసలను చేత్తోటి కోసే ఓపిక నాకు లేదు. పూజ రూమ్ తలుపులు కొట్టే షాపు అది, ఫైల్ తెరిచి చూసి ఆయన అడిగిండు, "ఏ గుడికి అన్నా, ఒక స్తంభం పొడుగు పడ్డది, సరిచెయ్యాల్నా?"