చక్కిలిగింతకు ఇంకో చెయ్యి కావాలి

ఈ మధ్య ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న వారం రోజులుగా నన్ను వదలడం లేదు. వాళ్ల అమ్మకు పెద్ద ఆపరేషన్. ముందు రోజు రాత్రి అక్కాచెల్లెళ్లిద్దరూ ఆవిడ మంచం పక్కన కూర్చుని, చిన్నప్పటి సంగతేదో గుర్తొచ్చి, కళ్లల్లో నీళ్లు కారేదాకా నవ్వుకున్నారట. అమ్మ కూడా దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందట. "తెల్లారితే ఆపరేషన్ పెట్టుకుని అలా ఎలా నవ్వగలిగాం? మా మనసులు బండబారిపోయాయా?" అని ఆవిడ బాధ.

బండబారలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఎలుకల దగ్గరికి వెళ్లాలి.

చక్కిలిగింతలు పెడితే ఎలుక నవ్వుతుంది. 1990లలో యాక్ పాంక్‌సెప్ అనే నాడీశాస్త్రవేత్త ఈ మాట అంటే తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఆ నవ్వు మన చెవికి అందదు మరి. మనకు 20 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దం వినిపించదు, ఎలుక కిచకిచలేమో 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ప్రత్యేకమైన మైకుతో పట్టి, మన చెవి స్థాయికి దించుకుని వినాలి. చెయ్యి వెనక్కి తీసుకుంటే ఎలుక ఆ చెయ్యి వెంటపడి పరుగెత్తుతుంది, ఇంకా పెట్టమని!

2016లో బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో షింపై ఇషియామా, మైకేల్ బ్రెక్ట్ ఇంకాస్త లోపలికి వెళ్లారు. ఎలుక మెదడులో, ఒంటి మీది స్పర్శను గ్రహించే భాగంలో సన్నని తీగలు అమర్చి, చక్కిలిగింతలు పెడుతున్నప్పుడు ఏ కణాలు మోగుతున్నాయో చూశారు. చెయ్యి ఒంటిమీద పడ్డప్పుడు కణాలు జోరుగా స్పందించాయి. ఇందులో వింత లేదు. ఎలుక చేతిని తరుముతూ ఆడుతున్నప్పుడు, అంటే చెయ్యి దాన్ని ముట్టుకోకుండానే, అవే కణాలు మళ్లీ మోగాయి. అదీ అసలు వింత. ఆ చోట చిన్న విద్యుత్ ప్రేరణ ఇచ్చినా ఎలుక కిచకిచలాడింది.

ఆ తర్వాత ఎలుకను ఎత్తైన చిన్న దిమ్మె మీద పెట్టి, మీద గట్టి వెలుతురు వేశారు. ఎలుకలకు అది ప్రాణభయం. మళ్లీ చక్కిలిగింతలు పెట్టారు. అదే చెయ్యి, అవే వేళ్లు, అదే పొట్ట. ఈసారి కిచకిచలు తగ్గిపోయాయి. మెదడులో ఆ కణాల స్పందన కూడా అణిగిపోయింది. ఇది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. భయపడ్డ ఎలుక నవ్వు వస్తున్నా బిగబట్టుకుంటోందని కాదు దీనర్థం. వేళ్లు తగిలినా, ఆ తాకిడి ఆటగా మారలేదు. 2023లో బ్రెక్ట్ బృందమే మధ్యమెదడులోని పెరియాక్విడక్టల్ గ్రే అనే చోట, పక్క వరుసల్లో ఉన్న కణాలను అణిచి చూసింది. ఎలుకల ఆట, నవ్వు రెండూ తగ్గాయి. భయపడి పారిపోవడానికీ, నొప్పిని అదుపులో పెట్టడానికీ, అరవడానికీ సంబంధమున్న చోటు కూడా అదే. ఆట, భయం ఒకే గోడకు అటూ ఇటూ కాపురముంటున్నాయన్నమాట.

బళ్లో నాడీవ్యవస్థ పాఠానికి ఎప్పుడూ వేడి గిన్నె తగిలి చెయ్యి వెనక్కి లాక్కునే ఉదాహరణే చెబుతారు. చక్కిలిగింతతో మొదలుపెట్టండని నేను టీచర్లందరినీ బతిమాలతాను. ఎవరికి వాళ్లు ఎందుకు పెట్టుకోలేమన్న ఒక్క ప్రశ్న చాలు, పిల్లలు మెదడు గురించి మీరు చెప్పేదంతా నోరు తెరుచుకుని వింటారు.

1998లో లండన్‌లో సారా-జేన్ బ్లేక్‌మోర్ బృందం ఆ ప్రశ్న పట్టుకుంది. చెయ్యి కదపమని కండరాలకు ఆజ్ఞ వెళ్లేటప్పుడే, దాని నకలు చిన్నమెదడుకూ చేరుతుంది. ఫలానా క్షణంలో ఫలానా చోట ఫలానా స్పర్శ కలగబోతోందని చిన్నమెదడు లెక్కగడుతుంది. నిజంగా వచ్చిన స్పర్శ ఆ లెక్కతో సరిపోతే దాని తీవ్రతను తగ్గించేస్తుంది. ఆ బృందమే ఇంకో ప్రయోగంలో మనిషి ఎడమచేత్తో ఒక రోబోను కదిపితే, ఆ రోబో అతని కుడి అరచేతి మీద స్పాంజి ముక్కతో రాసేలా ఏర్పాటు చేసింది. వెంటనే రాస్తే చక్కిలిగింత అంతంతమాత్రం. కదలికకూ స్పర్శకూ మధ్య 100 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే కాస్త పెరిగింది. 200 పెడితే ఇంకా పెరిగింది. రాస్తున్నది తన చెయ్యే అయినా, సెకనులో అయిదో వంతు తేడాతో మెదడు దాన్ని పరాయి చెయ్యిగా తీసుకోవడం మొదలుపెట్టింది.

దీని వెనకున్న ఆలోచన డార్విన్ నాటిది. భావాల వ్యక్తీకరణ మీద 1872లో వేసిన పుస్తకంలో ఆయన చక్కిలిగింతకు రెండు షరతులు రాశాడు. ఎక్కడ తాకబోతున్నారో ముందే తెలియకూడదు, మనసు హాయిగా ఉండాలి. ముక్కూమొహం తెలియని మనిషి చక్కిలిగింత పెడితే పసిపిల్ల నవ్వదు, భయంతో కేకపెడుతుంది అన్నాడు. హాస్యం కూడా మనసుకు పెట్టే చక్కిలిగింత లాంటిదేనని అక్కడే రాశాడు.

ఆ పోలికను నేను ఇంట్లోకి తెచ్చుకుంటాను. కష్టంలో ఒంటరిగా కూర్చున్న మనిషి బుర్ర తన లెక్కలు తానే వేసుకుంటూ ఉంటుంది. రేపు ఏమవుతుంది, డబ్బెలా, డాక్టరేమంటాడు. తన జోకు తనకు పనిచేయదు, ఎక్కడ పడుతుందో ముందే తెలుసు గనక. ముక్కూమొహం తెలియనివాడు జోకేస్తే ఒళ్లు మండుతుంది. ఇంట్లోవాళ్లది మూడో రకం. చెయ్యి ఎవరిదో తెలుసు, ఎక్కడ పడుతుందో మాత్రం తెలియదు. మనుషులు ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువ నవ్వుతారనీ, ఆ నవ్వుల్లో చాలావరకు జోకులకు కాదు, మామూలు మాటలకే వస్తాయనీ నవ్వు మీద ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ ప్రొవైన్ తేల్చాడు. 2017లో ఫిన్లాండ్‌లోని తుర్కు పరిశోధకులు 12 మంది మగవాళ్లను స్నేహితులతో కలిసి అరగంట నవ్వనిచ్చి స్కాన్ తీస్తే, నొప్పిని తగ్గించే ఓపియాయిడ్లు మెదడులోనే విడుదలైనట్టు కనిపించింది.

ఎక్కువ నవ్వితే తర్వాత ఏడవాల్సి వస్తుందని పిల్లల్ని గదమాయించేవాళ్లున్నారు. ఆ భయానికి ఏ ఆధారమూ లేదు. నవ్వితే రోగాలన్నీ పోతాయన్న మాటను కూడా నేను నమ్మను. నవ్వు ఎముకను అతికించదు. నాకిది మా ఇంట్లోనే బాగా తెలుసు.

మా నాన్న తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక, మంచం నుంచి బాత్రూం దాకా పదిహేను అడుగులు వాకర్ పట్టుకుని నడవాలి. మొదట్లో ఆ పదిహేను అడుగులకూ ఇల్లంతా టెన్షనే. ఒకరు ముందు, ఒకరు వెనక, అందరి మొహాలూ బిగుసుకుపోయి ఉండేవి. ఒకరోజు మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ముక్కుతో మాట్లాడినట్టు గొంతు మార్చి మొదలుపెట్టింది: "దయచేసి వినండి! మంచం నుండి బాత్రూమునకు వెళ్లు తాతయ్య ఎక్స్‌ప్రెస్ మరికొద్దిసేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం నుండి బయలుదేరును." నాన్న ఆగాడు. వాకర్ పిడి వదలకుండానే తల ఎత్తి, సన్నగా "కూ..." అన్నాడు. ఆ రోజు నుంచి నొప్పి తగ్గలేదు గానీ, ఆయన భుజాలు చెవుల దగ్గరి నుంచి కిందికి దిగాయి.

రెండు వారాలకు వాకర్ కాలు గడపకు తగులుకుని నాన్న తూలాడు. నేను భుజం పట్టి ఆపాను. వెనకున్న మా బాబాయి, మంచి మనసుతోనే, "అన్నయ్యా, బండి పట్టాలు తప్పింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాన్న పిడికిలి వణుకుతోంది, చూపు నేల మీద నుంచి లేవడం లేదు. బాబాయి మాటలో తప్పు లేదు, మా అమ్మాయి ఆటే అది. కానీ ఆ క్షణాన నాన్న దిమ్మె మీదున్నాడు.

అందుకే ఎంత గొప్ప జోకు అన్నది కాదు, ఎదుటి మనిషి ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడన్నదే చూడాలంటాను. ఆండ్రియా సామ్సన్, జేమ్స్ గ్రాస్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, బాధ కలిగించే బొమ్మలు చూసినవాళ్లకు వెక్కిరింత కంటే ఆప్యాయంగా చేసిన హాస్యమే ఎక్కువ ఊరటనిచ్చింది. జార్జ్ బొనానో, డాకర్ కెల్ట్‌నర్ 1997లో ప్రచురించిన అధ్యయనం కోసం భర్తనో భార్యనో పోగొట్టుకుని ఆరు నెలలైనవాళ్లతో మాట్లాడారు. పోయినవాళ్లను తలుచుకుంటూ కళ్లతో సహా నవ్వగలిగినవాళ్లలో కోపం తక్కువగా ఉంది. వాళ్ల దుఃఖం నిజమైనదే, నవ్వూ నిజమైనదే. ఆ పాఠకురాలికి నేను రాసిన జవాబు కూడా ఇదే. ఆ రాత్రి మీ అమ్మ నవ్విందంటే, మీరిద్దరూ పక్కనుండగా ఆ మంచం ఆవిడకు దిమ్మెలా అనిపించలేదు.

మా ఇంట్లో ఆ తర్వాత మూడు రోజులు అనౌన్స్‌మెంట్ లేదు. మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడేది గానీ నోరు విప్పేది కాదు. నాలుగో రోజు పొద్దున నాన్న లేచి, వాకర్ పట్టుకుని, అడుగు వేయకుండా అలాగే నిలబడ్డాడు. నొప్పేమోనని నేను దగ్గరికి వెళ్లబోయాను. ఆయన నన్ను చూడలేదు, తలుపు వైపు చూస్తున్నాడు.

"సిగ్నల్ ఇవ్వకపోతే బండెలా కదుల్తుందమ్మా?" అన్నాడు.