ఆరున్నర ఆరాధన, తొమ్మిదిన్నర ఆరాధన

ప్రియమైన పిల్లలారా,

పోయిన ఆదివారం గుడి మెట్ల దగ్గర మీలో ఒకరు అడిగిన ప్రశ్నకు నేను అక్కడికక్కడే సరైన జవాబు చెప్పలేకపోయాను. "దేవుడు ఒక్కడే, వాక్యం ఒక్కటే, అయ్యగారు కూడా ఒక్కరే కదా తాతయ్యా, మరి పొద్దున ఆరున్నరకు ఒక ఆరాధన, తొమ్మిదిన్నరకు ఇంకొకటి ఎందుకు?" అని అడిగారు. ఆ గుడిలో నలభై ఏళ్లు హార్మోనియం వాయించినవాణ్ణి కనుక, దీన్ని తీరికగా మీకు రాయడం నా బాధ్యత అనిపించింది.

ఆరున్నరకు జరిగేది పెద్దల ఆరాధన. అందులో ఆరాధన క్రమం పుస్తకం, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, హార్మోనియం, తబలా ఉంటాయి. తొమ్మిదిన్నరకు జరిగే మీ ఆరాధనలో కీబోర్డు, గిటారు, డ్రమ్స్ ఉంటాయి, పాట మాటలు తెరమీద కనబడతాయి, ఒక పాటలోనుంచి మరొక పాటలోకి ఆగకుండా వెళతారు.

ఇలా విడివిడిగా ఆరాధించే పద్ధతి అమెరికాలో బలపడింది. 1960ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియాలోని కోస్టా మెసా అనే ఊళ్లో, చక్ స్మిత్ అనే పాస్టరుగారు కల్వరి చాపెల్ అనే తన సంఘంలోకి, పొడవు జుట్టుతో, చెప్పులు లేని కాళ్లతో వచ్చిన హిప్పీ యువకులను చేర్చుకున్నారు. వాళ్లు తమకు తెలిసిన గిటారు బాణీల్లోనే దేవుణ్ణి పాడారు. ఆ పాటలు సంఘం నుంచి సంఘానికి పాకి, 1990ల నాటికి ఆ దేశంలో ఎన్నో గుళ్లలో పెద్దలకూ యువతకూ మధ్య తగవులు తెచ్చాయి. సంఘం చీలిపోవడం కన్నా వేళలు వేరు చేసుకోవడం మేలని చాలామంది అనుకున్నారు. మన నగరాల్లో తెలుగు ఆరాధనకు ఒక వేళ, ఇంగ్లీషు ఆరాధనకు ఇంకొక వేళ ఉండడం అలవాటే కనుక, ఆ ఆలోచన ఇక్కడికి వచ్చినప్పుడు ఎవరికీ వింతగా తోచలేదు.

మీ పాటలు కొత్తవి కనుక తక్కువవని నేను అనను. ఇంగ్లండులో ఐజాక్ వాట్స్ 1707లో తన సొంత కీర్తనలు అచ్చువేసినప్పుడు, బైబిల్లోని దావీదు కీర్తనలు తప్ప మనుషులు కట్టిన పాటలు గుడిలో పాడకూడదని పట్టుబట్టినవారు చాలామంది ఉన్నారు. ఈనాడు పాతకాలపు ఆరాధనకు గుర్తుగా చెప్పుకొనే ఆర్గన్‌ను స్కాట్లాండు సంఘం 1860ల దాకా గుడి గడప దాటనివ్వలేదు. అంత దూరం ఎందుకు, నేను వాయించే హార్మోనియం కూడా ఐరోపానుంచి వచ్చినదే. మీలా ఇరవై నిమిషాలు ఆగకుండా పాడడమూ మనకు కొత్త కాదు. హైదరాబాదులో హెబ్రోను సంఘాన్ని స్థాపించిన భక్తసింగ్‌గారి కూడికల్లో జనం చాపలమీద కూర్చుని, సీయోను గీతాలు పాడుతూ, గంటల తరబడి ఆరాధించేవారు.

మన కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. పాటకు పైన చిన్న అక్షరాల్లో రాగం, తాళం పేర్లు ఉంటాయి. దొరల బాణీలకు తెలుగు మాటలు అతికించి పాడుకొనే రోజుల్లో, పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పల్లవి, చరణాలతో, మన చెవికి పుట్టుకతో తెలిసిన రాగాల్లో, నూటికి పైగా కీర్తనలు కట్టారు. ఆ కాలానికి అవే కొత్త పాటలు. కనుక మీ డ్రమ్స్‌తో నాకు పేచీ లేదు.

నా బాధ వేరు. నేను ఏడేళ్లవాణ్ణిగా ఉన్నప్పుడు మా వరుసలో ఒక ముసలమ్మగారు కూర్చునేవారు. ఆమెకు అక్షరం ముక్క రాదు. అయినా పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా సరే, ఆరు చరణాల కీర్తనను ఒక్క మాట తప్పకుండా పాడేవారు. నేను తాళం తప్పితే, తల తిప్పకుండానే, నా అరచేతిని తన చేతిలోకి తీసుకుని వేళ్లతో తాళం వేసేవారు. పొలం పనికి కాయకాచిన ఆ వేళ్ల గరుకుదనం నాకు ఇప్పటికీ గుర్తుంది. నాకు ఆదితాళం ఆమె నేర్పిందే తప్ప ఏ మేష్టారూ నేర్పింది కాదు. ఆమె ఆరున్నరకూ నేను తొమ్మిదిన్నరకూ వచ్చి ఉంటే, ఆ చెయ్యి నాకు దొరికేది కాదు.

సంఘ కమిటీలో రెండు ఆరాధనల మాట వచ్చిన రోజు నేనూ చెయ్యెత్తాను. డ్రమ్స్ మోత భరించలేమని పెద్దలు, రాగం తీసి పాడే కీర్తనలకు నిద్ర వస్తోందని యువత, వారం వారం నొచ్చుకుంటుంటే అదే మంచి దారి అనిపించింది. గుడిలో స్థలం కూడా చాలడం లేదు. తగవు తీరిన మాట నిజమే. కాని ఇప్పుడు ఆరున్నరకు నా ముందు కనబడేవన్నీ నెరిసిన తలలే. ఎవరైనా పోయినప్పుడు సమాధి దగ్గర వాళ్లకిష్టమైన కీర్తన ఎత్తుకుంటే, రెండో చరణానికే మీ గొంతులు ఆగిపోతున్నాయి. అలాగే మీరు కన్నీళ్లతో పాడే పాటల్లో ఒక్కటైనా పూర్తిగా వచ్చిన పెద్దవాళ్లు మన సంఘంలో ఐదారుగురు కూడా లేరు.

రెండు ఆరాధనలూ మళ్లీ ఒకటి చెయ్యమని నేను కోరడం లేదు. రొట్టె, ద్రాక్షరసం పంచుకొనే ప్రభువు బల్ల ఉండే నెల మొదటి ఆదివారం మాత్రం అందరం ఒకే వేళకు కూడుకుని, సగం పాటలు మీవి, సగం పాటలు మావి పాడుకుందామని కమిటీకి రాసి ఇచ్చాను. వాళ్లు నిర్ణయించేలోగా మీరు ఒక పని చేసిపెట్టండి. వచ్చే వారం కాస్త పెందలాడే లేచి ఆరున్నరకు రండి. ఆనందభైరవిలో ఒక కీర్తన పాడబోతున్నాం. హార్మోనియం పక్కన ఉన్న బల్ల మీకోసం ఖాళీగా ఉంచుతాను. ఆ తరువాత నేను ఇంటికి వెళ్లకుండా తొమ్మిదిన్నరకు మీతోనే ఉంటాను. తెరమీది అక్షరాలు నాకు ఆనవు కనుక, మీరు పాడబోయే పాటలు పెద్ద అక్షరాలతో ఒక కాగితంమీద రాసి తెచ్చి ఇవ్వండి.

ప్రేమతో,
మీ హార్మోనియం తాతయ్య