కారు నడుపుతున్నప్పుడు డ్రైవరు ఎవరు?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

డల్లాస్‌లో ఉన్న పెద్దోడు, హైదరాబాద్‌లో ఉన్న చిన్నమ్మలు ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. నాన్న కొత్త కారు కొంటున్నాడు, అది తనంతట తనే నడుస్తుందట, నిజమేనా తాతయ్యా అని. అందుకని ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మీ స్నేహితులకు కూడా చదివి వినిపించండి.

ఇవాళ షోరూమ్‌లో డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకోగలిగిన కార్లలో, వెనక సీట్లో పడుకుంటే మనం చెప్పిన చోటికల్లా తీసుకెళ్ళేది ఒక్కటీ లేదు. అమెరికాలోనూ లేదు, ఇక్కడా లేదు. దొరికేవి డ్రైవరుకు సాయం చేసే కార్లు. ఆ సాయం మంచిదే. ఎంతవరకు సాయమో తెలియకుండా నమ్మితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఇంజినీర్లు వీటిని సున్నా నుంచి ఐదు దాకా లెవెల్స్‌గా పెట్టుకున్నారు. మీరు వినేవన్నీ దాదాపుగా లెవెల్ 2. అందులో స్టీరింగూ వేగమూ కారు చూసుకుంటుంది, రోడ్డును మాత్రం నాన్నే చూస్తూ ఉండాలి. లెవెల్ 3లో కొన్ని రోడ్ల మీద, కొంత వేగం లోపల, చూపు పక్కకు తిప్పుకోవచ్చు. కారు పిలిచిన వెంటనే మళ్ళీ అందుకోవాలి. మెర్సిడెస్ కంపెనీ 2022లో జర్మనీలో ఇలాంటిది అమ్మకానికి పెట్టింది, అప్పట్లో గంటకు 60 కిలోమీటర్లు మించకూడదు. అంటే హైవే మీద ట్రాఫిక్ జామ్ అయినప్పుడు పనికొచ్చేది. లెవెల్ 4లో డ్రైవరే అక్కర్లేదు, కానీ ముందే నిర్ణయించిన ప్రాంతం దాటదు. ఎక్కడైనా, ఏ వాతావరణంలోనైనా నడిచే లెవెల్ 5 కారు ఇంకా ఎవరూ తయారుచేయలేదు.

పెద్దోడా, ‘వేమో కార్లలో డ్రైవరే ఉండడు కదా’ అని రాశావు. నిజమే. గూగుల్ 2009లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. 2020 నుంచి అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మామూలు జనం కూడా డ్రైవరు లేని వేమో కారు ఎక్కుతున్నారు. కానీ అది టాక్సీ. తిరిగే వీధుల్ని ముందే వివరంగా మ్యాప్ చేసుకుని, కెమెరాలు, రాడార్లు, లేజర్‌తో దూరం కొలిచే లైడార్లు పెట్టుకుని, దారి తోచక ఆగిపోతే సలహా చెప్పడానికి దూరంగా మనుషుల్ని కూర్చోబెట్టుకుని నడుపుతారు. అందులో ఎక్కినవాడు ప్రయాణికుడు, యజమాని కాడు. దాన్ని చూసి మన ఇంటి కారు కూడా అంతే అనుకోవద్దు.

మీ నాన్న అడుగుతున్న టెస్లా సంగతి వేరు. 2016లో ఆ కంపెనీ ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ అనే పేరుతో అదనపు సౌకర్యం అమ్మడం మొదలుపెట్టింది. 2022లో దాని ధర 15,000 డాలర్ల దాకా వెళ్ళింది. ఎవరూ స్టీరింగ్ ముట్టుకోకుండా లాస్ ఏంజెలిస్ నుంచి న్యూయార్క్ దాకా కారు నడిపి చూపిస్తామని, అదీ 2017 ఆఖరుకల్లా అని కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ చెప్పాడు. ఆ ఏడాది అయిపోయింది, ఆ ప్రయాణం జరగలేదు. 2024లో కంపెనీయే ఆ పేరు పక్కన ‘సూపర్‌వైజ్డ్’ అని చేర్చింది. కనిపెట్టుకుని ఉండాల్సింది మీ నాన్నే. అది బాగా నడుస్తుంది, నాన్నకు లాంగ్ డ్రైవ్‌లో అలసట తగ్గుతుంది, ఆ సుఖానికి డబ్బు పెడితే తప్పు లేదు. ముందు ముందు అప్‌డేట్ వచ్చి పూర్తిగా అదే నడుపుతుందన్న ఆశతో మాత్రం ఇవాళ డబ్బు కట్టవద్దని నా మాటగా చెప్పు.

ఇప్పుడు చెప్పేది ఇద్దరూ జాగ్రత్తగా చదవండి. 2018 మార్చిలో అమెరికాలోని టెంపీ అనే ఊళ్ళో, రాత్రిపూట, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను, తనంతట తానే నడిచేలా ఊబర్ టాక్సీ కంపెనీ పరీక్షిస్తున్న కారు గుద్దింది. ఆమె చనిపోయింది. కారు ఆమెను చూడకపోలేదు. గుద్దడానికి 5 సెకన్ల ముందే ఏదో ఉందని కనిపెట్టింది. అది బండా, సైకిలా, ఇంకేదైనానా అని అంచనా మార్చుకుంటూ పోయింది, బ్రేకు వేయలేదు. అవసరమైతే కారును అందుకోవడానికని సీట్లో కూర్చోబెట్టిన సేఫ్టీ డ్రైవరు చూపు ఫోన్‌లో వస్తున్న ప్రోగ్రాం మీద ఉంది. చివరికి కోర్టులో శిక్ష పడింది ఆ డ్రైవరుకే. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు.

ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. మనిషి మనసు అలాంటిది మరి. గంటల తరబడి కారు తప్పు చేయకుండా నడుస్తుంటే ఎంత మంచివాడికైనా చూపు ఫోన్ మీదికి పోతుంది. కారు ఎంత బాగా నడిస్తే ఏమరుపాటు అంత పెరుగుతుంది. టెస్లా కూడా 2023 డిసెంబరులో అమెరికాలో 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది. డ్రైవరు రోడ్డును చూస్తున్నాడో లేదో కనిపెట్టే ఏర్పాటు సరిపోలేదని. మీరు పక్క సీట్లో కూర్చున్నప్పుడు నాన్న ఫోన్ తీస్తే ఊరుకోకండి, గట్టిగా చెప్పండి.

చిన్నమ్మలూ, మన దగ్గర మహీంద్రా ఎక్స్‌యూవీ 700 లాంటి కార్లలో ‘అడాస్’ (డ్రైవరుకు సాయం చేసే ఏర్పాటు) అని వచ్చినది కూడా ఈ రెండో లెవెలే. ఔటర్ రింగ్ రోడ్డు మీద గీతలు తెల్లగా కనిపిస్తాయి కాబట్టి అక్కడ బాగా పనిచేస్తుంది. మన ఊరి దారి పట్టాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, బైకులు రాంగ్ రూట్‌లో వస్తాయి, స్పీడ్ బ్రేకరుకు రంగు ఉండదు, గేదెలు తీరిగ్గా నడుస్తుంటాయి. అక్కడ లేన్ పట్టుకుని నడిపే సౌకర్యం ఆపేయడమే మేలు. ఇలాంటి రోడ్లకు తగిన వాహనాలను పరీక్షించడానికే సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో, ‘తిహాన్’ అనే కేంద్రం పెట్టారు. పెద్దయ్యాక ఆ పని మీలో ఎవరైనా చేస్తే నాకు ఎంతో సంతోషం.

నాన్నతో షోరూమ్‌కు వెళ్ళినప్పుడు ముందు ఆటోమేటిక్ బ్రేకు గురించి అడగండి. నా దృష్టిలో ఈ మొత్తంలో డబ్బుకు తగిన ఫలితం ఇచ్చేది అదే. మనుషుల్ని, బైకుల్ని గుర్తుపడుతుందా, రాత్రి, వానలో ఎంతవరకు పనిచేస్తుంది అని అడగండి. ‘అంతా కారే చూసుకుంటుంది సార్’ అని అమ్మేవాళ్ళు అంటే, ఆ మాట మాన్యువల్‌లో ఎక్కడ రాసి ఉందో చూపించమనండి. ఇంకొకటి, ముందు అద్దం పగిలి మార్చాల్సి వస్తే దాని వెనకున్న కెమెరాను మళ్ళీ సరిచూసి సెట్ చేయాలి. ఆ ఖర్చు ఎంతవుతుందో, దగ్గర్లో ఎవరు చేస్తారో కొనే ముందే తెలుసుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య