సీడీ పారేయకండి: బ్రెయిన్ స్కాన్ సాఫ్ట్‌వేర్ చుట్టూ అపోహలు - వాస్తవాలు

నెల్లూరు పొగతోటలో పద్నాలుగేళ్లుగా స్కానింగ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఇన్నేళ్లలో కౌంటర్ దగ్గర ఎక్కువసార్లు విన్న మాట ఇది: "సీడీ మాకెందుకు సార్, ఫిల్ములు ఇచ్చేయండి చాలు, ఫోన్లో ఫోటో తీసి పంపుకుంటాం." పోయిన సోమవారం మళ్లీ విన్నాను, ఇక ఊరుకోలేక ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. మిగతా అపోహలు కూడా చెప్తాను గానీ, జనానికి డబ్బు, టైము, మనశ్శాంతి మూడూ పోగొడుతున్నది మాత్రం ఇదే.

అపోహ: ఫిల్ము ఫోటో ఉంటే స్కాన్ మన దగ్గర ఉన్నట్టే.

రెండేళ్ల కిందట ఉదయగిరి వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కూతురికి ఫిట్స్. అంతకుముందే వేరేచోట ఎంఆర్ఐ తీయించారు, డాక్టరుగారు చెన్నైలో ఒకసారి చూపించుకురమ్మన్నారు. సీడీ దారిలో పగులుతుందేమోనని కొడుకు దాన్ని నెట్ సెంటర్లో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అక్కడ డాక్టరు కంప్యూటర్‌లో పెట్టి చూస్తే లోపల ఉన్నది ఒకే ఒక్క ఫైలు, దాని పేరు డైకామ్‌డిర్. బొమ్మ ఒక్కటీ లేదు. ఫోన్లో ఉన్న ఫిల్ము ఫోటోలు చూపిస్తే వీటితో ఏమీ చెప్పలేనన్నారు. దాంతో మళ్లీ ఎంఆర్ఐ, మళ్లీ కాంట్రాస్ట్ ఇంజెక్షన్, భయంతో వణికే ఆ పిల్లను మళ్లీ ఆ మిషన్లో పడుకోబెట్టడం. తిరిగొచ్చాక పెద్దాయన ఆ పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, "ఇందులో ఏముందో చూడు నాయనా, అంత దూరం మోసుకుపోయాం" అన్నారు. అసలు సీడీ ఏదని అడిగితే, పనికిరాదనుకుని సజ్జచేలో పిట్టలు వాలకుండా కట్టేశామన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది, ఎందుకంటే తప్పు ఆయనది కాదు, సీడీ ఇచ్చేటప్పుడు అదేమిటో చెప్పాల్సిన మాలాంటివాళ్లం ఎవరమూ చెప్పలేదు.

డైకామ్‌డిర్ అనేది పుస్తకం ముందు ఉండే విషయసూచిక లాంటిది. పేజీలు వేరే ఫోల్డర్లో ఉంటాయి. ఆ పేజీల ఫైళ్లకు చాలాసార్లు పేరు చివర జేపీజీ అనో పీడీఎఫ్ అనో ఏమీ ఉండదు, అక్షరాలూ అంకెలూ కలిసిన వింత పేర్లుంటాయి, కంప్యూటరేమో వాటిని తెలియని ఫైలు అని చూపిస్తుంది. నెట్ సెంటర్ కుర్రాడు అవి చెత్త అనుకుని వదిలేశాడు. కొందరైతే వైరస్ అని చెరిపేస్తారు కూడా. దయచేసి ఒక పని చేయండి: సీడీ తెరిచి లోపల ఏమున్నాయో ఏరకుండా, ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చేయండి. కాపీ అయ్యాక సీడీలో ఎన్ని ఫైళ్లున్నాయో, పెన్ డ్రైవ్‌లో ఎన్ని ఉన్నాయో సరిచూడండి. రెండు అంకెలూ ఒకటైతే పని అయినట్టే.

ఫిల్ము ఎందుకు చాలదో కూడా చెప్తాను. తల సీటీ తీస్తే ప్రతి చుక్కకూ హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో ఒక విలువ ఉంటుంది. నీటికి 0, గాలికి మైనస్ 1000, కొత్తగా కారిన రక్తానికి సుమారు 60 నుంచి 80, ఎముకకు వందలూ వేలూ. కంటికి అన్ని ఛాయలు ఒకేసారి ఆనవు కాబట్టి మేం ఒక విండో పెట్టి ప్రింట్ తీస్తాం. మెదడు కోసమైతే మామూలుగా వెడల్పు 80, మధ్య విలువ 40, అంటే 0 నుంచి 80 దాకా ఉన్నవాటికే బూడిదరంగు ఛాయలు దక్కుతాయి, 80 దాటిందంతా ఒకే తెలుపు, 0 కంటే తక్కువదంతా ఒకే నలుపు. ఆ ఫిల్ములో పుర్రె మొత్తం సున్నం కొట్టినట్టు ఉంటుంది, సన్నటి పగులు ఉన్నా కనపడదు. అదే డైకామ్ ఫైలు, అంటే విలువలన్నీ ఉన్న సీడీలోని అసలు స్కాన్ ఫైలు, చేతిలో ఉంటే మౌస్ పట్టుకుని ఇటూ అటూ లాగితే చాలు, ఎముక విండోలోకి మారి ఆ పగులు గీతలా బయటపడుతుంది. మళ్లీ స్కాన్ అక్కర్లేదు, అదే స్కాన్. ఫోన్ ఫోటోలో ఆ విలువలేవీ లేవు. వాట్సాప్‌లో పంపేసరికి ఉన్నది కూడా ఇంకాస్త నలిగిపోతుంది. పైగా బ్రెయిన్ ఎంఆర్ఐలో బొమ్మలు వందల్లో ఉంటాయి, ఫిల్ము మీదకు ఎక్కేవి మేం ఎంచినవే.

సీడీలో ఉన్న వ్యూయర్, అంటే బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్, తెరుచుకోకపోతే స్కాన్ పాడైందని కంగారు పడకండి. పాడైంది ఆ వ్యూయరే అయ్యుండొచ్చు. డైకామ్ 1993 నుంచి ఆ పేరుతో ఉన్న ప్రమాణం, ఏ కంపెనీ మిషన్‌లో తీసినా ఏ డైకామ్ వ్యూయర్‌లోనైనా తెరుచుకోవాలన్నదే దాని ఉద్దేశం. విండోస్‌లో మైక్రోడైకామ్, ఏ కంప్యూటర్‌లోనైనా వీసిస్, కొంచెం లోతుగా పని చేయాలంటే త్రీడీ స్లైసర్. స్లైసర్‌కు ఫైలు కాదు, ఫోల్డర్ మొత్తం ఇవ్వండి. అది తనే పేషెంట్, స్టడీ, సిరీస్ అని విడదీసి వరుసగా పెడుతుంది, మీకు కావాల్సిన సిరీస్ ఎంచుకుని లోడ్ చేసుకోవడమే.

ఇదే అపోహ చదువుకున్న పిల్లల్లో ఇంకో రూపంలో వస్తుంది. కావలి నుంచి ఒక బీటెక్ అబ్బాయి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టని వచ్చాడు. మెదడులో గడ్డ సైజు సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టాలి. లాప్‌టాప్‌లో అరవై జేపీజీలు, వాటి మీద నెల రోజులు కష్టపడి గడ్డ చుట్టూ గీతలు గీశాడు. "అన్నా, ఇది ఎన్ని సీసీ వస్తుందో ఎలా తీయాలి?" అన్నాడు. నాకు చెప్పడానికి నోరు రాలేదు. జేపీజీలో ఒక్కో చుక్క ఎన్ని మిల్లీమీటర్లో ఉండదు, స్లైస్ మందం ఉండదు. డైకామ్ ఫైలు లోపల వివరాలు రాసుండే హెడర్లో ఇవన్నీ ఉంటాయి. చుక్క 0.5, 0.5 మిల్లీమీటర్లు, స్లైస్‌కీ స్లైస్‌కీ మధ్య 5 మిల్లీమీటర్లు అనుకుందాం, ఒక్కో వోక్సెల్, అంటే మందం కూడా కలిపిన చుక్క, 1.25 ఘన మిల్లీమీటర్లు. గడ్డలో 8000 వోక్సెల్స్ పడితే 10000 ఘన మిల్లీమీటర్లు, అంటే 10 సీసీ. లెక్క ఇంత తేలిక, కానీ ఆ మూడు అంకెలు లేకుండా దేవుడొచ్చినా చెప్పలేడు. గీసినదంతా వదిలేసి, పేషెంట్ల పేర్లు తీసేసిన డైకామ్ సెట్‌తో మళ్లీ మొదలుపెట్టాడు పాపం. ఈసారి పది రోజుల్లో అయిపోయింది.

అపోహ: ఎడిటింగ్ అంటే స్కాన్‌ను మార్చేయడం.

ఈ మాట రెండు రకాలవాళ్లు అంటారు. "సాఫ్ట్‌వేర్‌తో రిపోర్టులు మార్చేస్తారట కదా" అని అనుమానించేవాళ్లు ఒకరు, చెయ్యి పడితే ఒరిజినల్ పోతుందేమోనని మౌస్ ముట్టుకోవడానికే భయపడే విద్యార్థులు ఒకరు. స్లైసర్‌లోగానీ, అలాంటిదే అయిన ఐటీకే-స్నాప్‌లోగానీ మీరు బ్రష్‌తో పూసేది అసలు బొమ్మ మీద కాదు, దాని మీద పరిచిన ట్రేసింగ్ పేపర్ లాంటి వేరే పొర మీద. అది వేరే ఫైలుగా సేవ్ అవుతుంది. అయినా ఒరిజినల్ ఫోల్డర్ కాపీ ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టుకోండి, అలవాటుగా.

ఎంఆర్ఐ నుంచి మెదడు ఉపరితలాన్ని గీసి కొలిచే ఫ్రీసర్ఫర్ నేర్చుకునేవాళ్లకు మాత్రం ఒక మాట. దాని వ్యూయర్ ఫ్రీవ్యూలో బ్రెయిన్‌మాస్క్, అంటే పుర్రె తీసేసిన మెదడు బొమ్మ, తెరిచి, మెదడును బయట కప్పి ఉండే పొరలు అక్కడక్కడ మిగిలిపోతే షిఫ్ట్ నొక్కి చెరుపుతారు, బాగుంది. సేవ్ చేసి, మెదడు ఉపరితలం గీత ఇంకా అక్కడే ఉందేంటి, సాఫ్ట్‌వేర్ పని చేయట్లేదని నాకు ఫోన్లు. చెరిపినంత మాత్రాన ఉపరితలం గీత కదలదు. ఆ దశ నుంచి రీకాన్-ఆల్, అంటే ఈ పనంతా చేసే ఫ్రీసర్ఫర్ కమాండ్, మళ్లీ నడపాలి, అప్పుడే కొత్త గీత వస్తుంది, దానికి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఇంకోటి, 5 మిల్లీమీటర్ల మందంతో తీసిన మామూలు స్లైసులు మామూలు రీకాన్-ఆల్‌కు పనికిరావు, దానికి సుమారు 1 మిల్లీమీటర్ ఉన్న త్రీడీ టీ1 అనే రకం ఎంఆర్ఐ సిరీస్ కావాలి. వారం తిప్పలు పడ్డాక కాదు, మొదలుపెట్టేముందే హెడర్ చూసుకోండి.

ఇక మిగతావి గబగబా. ఎంఆర్ఐలో రేడియేషన్ ఉంటుందంటారు. ఎక్స్‌రే ఉండేది సీటీలో, ఎంఆర్ఐలో ఉండేది అయస్కాంతం, రేడియో తరంగాలు. ఈ సాఫ్ట్‌వేర్లకు లక్షలు పోయాలంటారు. స్లైసర్, ఐటీకే-స్నాప్, ఫ్రీసర్ఫర్ మూడూ ఉచితమే, ఫ్రీసర్ఫర్‌కు పేరు నమోదు చేసుకుని లైసెన్స్ ఫైలు తెచ్చుకోవాలి అంతే. ఫైలు పేరు మారిస్తే పేషెంటు వివరాలు పోయినట్టే అంటారు. పోవు. పేరు, పుట్టిన తేదీ, ఐడీ హెడర్ లోపల ఉంటాయి, వాటిని తీసేయాలి. సన్నటి స్లైసుల ఎంఆర్ఐ అయితే త్రీడీలో ముఖం కూడా గుర్తుపట్టేలా వస్తుంది, బయటివాళ్లకు ఇచ్చేముందు ముఖం భాగం చెరిపే టూల్స్ వాడాలి. కుడి ఎడమల సంగతైతే చాలామందిని ఏడిపించింది: వ్యూయర్‌లో మీకు ఎడమవైపు కనిపించేది పేషెంటు కుడి. మనకు ఎదురుగా పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి చూస్తున్నట్టు అనుకోండి. పరిశోధన సాఫ్ట్‌వేర్లు కొన్ని దీనికి తిరగేసి చూపిస్తాయి, కాబట్టి తెర మీద కుడికి R, ఎడమకు L అని ఉండే అక్షరం చూడకుండా ఏ వైపో చెప్పకండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ వేసుకుంటే జబ్బేమిటో మనమే తెలుసుకోవచ్చు.

దీని మీద నాకు కోపం రాదు, జాలే వస్తుంది. ఒకసారి రాత్రి పదకొండు దాటాక తెలిసినాయన ఫోన్ చేశారు. వాళ్ల అమ్మ బాత్రూంలో జారిపడితే సీటీ తీయించారు, డాక్టరు ఏమీ లేదని ఇంటికి పంపారు. ఈయనకు నిద్ర పట్టక సీడీ లాప్‌టాప్‌లో వేసుకుని చూస్తూ కూర్చుంటే, తల సరిగ్గా మధ్యలో కందిగింజంత తెల్లచుక్క కనపడింది. సీటీలో రక్తం తెల్లగా ఉంటుందని ఎక్కడో చదివారు. "అన్నా, డాక్టరు చూడలేదేమో, ఇప్పుడే చెన్నై తీసుకుపోవాలా, బండి మాట్లాడనా" అని ఏడుపు గొంతుతో అడిగారు. నేను టెక్నీషియన్ని, చదివి చెప్పేది రేడియాలజిస్టు. కానీ రిపోర్టులో ఏముందో చదవమన్నాను. పీనియల్ కాల్సిఫికేషన్ అని అందులోనే ఉంది, పెద్దవాళ్లలో చాలామందికి ఆ గ్రంథిలో కాల్షియం పేరుకుంటుంది, సీటీలో తెల్లగా కనపడుతుంది. అమ్మకు తలనొప్పిగానీ వాంతులుగానీ మత్తుగానీ ఉంటే ఈ క్షణమే బయల్దేరమని, లేదంటే పొద్దున్నే రమ్మని చెప్పాను. పొద్దున రేడియాలజిస్టుగారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ చుక్క విలువ కొలిచి చూపించారు, రక్తానికి ఉండేదానికంటే చాలా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ చుక్కను చూపిస్తుంది, విలువ కూడా చెప్తుంది, అది ఉండాల్సిన చుక్కో కాదో చెప్పడానికి మాత్రం వేల తలలు చూసిన కళ్లు కావాలి. అనుమానం వస్తే ఆ స్లైస్ నంబరు రాసుకుని డాక్టర్ని అడగండి. అడిగితే విసుక్కుంటారనుకోకండి, నంబరు చెప్పి అడిగితే వాళ్లకూ సులువు.

సోమవారం వచ్చినామెది కందుకూరు. అత్తగారికి పక్షవాతం, తిరుపతి తీసుకెళ్తున్నారు, సీడీ వద్దన్నది ఈమే. పక్కకు కూర్చోబెట్టి, ఆమె అత్తగారి స్కానే తెర మీద తెరిచి విండో మార్చి చూపించాను. "ఇదంతా ఆ అట్టలో లేదా అన్నా?" అని కాసేపు తెర వంకే చూసింది. బయటికి వెళ్లి పెన్ డ్రైవ్ కొనుక్కొచ్చింది. ఫోల్డర్ మొత్తం ఎక్కించి, 412 ఫైళ్లు అని ఫిల్ము కవరు మీద పెన్నుతో రాసిచ్చాను, తిరుపతిలో తెరిచినప్పుడు అన్నీ ఉన్నాయో లేదో వాళ్లు సరిచూసుకోవడానికి.