సశేషం: ప్రేమ నవలలోకి సస్పెన్స్ ఎలా వచ్చింది

ఈ మధ్య విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు వెతుకుతుంటే, అట్టలూడిన తెలుగు నవలల దొంతర మీద అమెరికా రచయిత్రి కొలీన్ హూవర్ రాసిన ‘వెరిటీ’ కనిపించింది. మా అమ్మాయి అది చదివి రెండు రోజులు అన్నం దగ్గర కూడా దాని గురించే మాట్లాడింది. 2018లో రచయిత్రి సొంతంగా ప్రచురించుకున్న నవల అది. మంచాన పడ్డ ఒక రచయిత్రి రాసి దాచుకున్న కాగితాలు ఇంకో రచయిత్రి కంటపడతాయి. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. చివర్లో ఒక ఉత్తరం దొరికి, ఆ కాగితాల్లో ఉన్నది నిజం కాదంటుంది. రెంటిలో ఏది నమ్మాలో హూవర్ చెప్పదు. దాంతో పాఠకులు రెండు పార్టీలయ్యారు. మా ఇంట్లోనూ అంతే. అమ్మాయిది కాగితాల పార్టీ, నాది ఉత్తరం పార్టీ.

మూడో పార్టీ కూడా ఉంది. “ఇది అసలు ప్రేమ నవలేనా?” అన్నది వాళ్ళ గొడవ. ప్రేమా మిస్టరీ కలిసిన ఈ రకం నవలల గురించి, అంటే రొమాంటిక్ సస్పెన్స్ గురించి, పాఠకులు ఎక్కడ మాట్లాడుకున్నా చివరికి ఇక్కడికే వస్తారు. ప్రేమ కోసం కొనుక్కున్నవాళ్ళు హత్యలే కథంతా మింగేశాయంటారు. మిస్టరీ కోసం కొనుక్కున్నవాళ్ళేమో, హంతకుడు గుమ్మంలో నిలబడి ఉంటే వీళ్ళకీ సరసాలేమిటని విసుక్కుంటారు. రెండోవాళ్ళ మాటలో కాస్త న్యాయం ఉంది.

ఇంగ్లీషు పుస్తకాల లోకంలో ఈ గొడవ తీర్చడానికి ఒక కొలత ఉంది. అక్కడ ప్రేమ నవలకు రెండే షరతులు: కథకు నడుమ ప్రేమే ఉండాలి, ముగింపు ఆశ కలిగించేదిగా ఉండాలి. 1908లో లండన్‌లో పుట్టిన మిల్స్ అండ్ బూన్ అనే ప్రచురణ సంస్థ తర్వాత్తర్వాత ప్రేమకథలకే మారుపేరైంది, ఆ పేరు అట్ట మీద ఉంటే చివరికి అంతా మంచే జరుగుతుందని కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. జానిస్ రాడ్‌వే అనే అమెరికా పరిశోధకురాలు ఒక ఊరి పుస్తకాల షాపుకి వచ్చే ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడి, 1984లో పుస్తకం వేసింది. ప్రేమ నవలలు చదివేవాళ్ళకు బుర్ర ఉండదని అప్పటిదాకా చాలామంది పండితులు అనుకునేవారు. ఈవిడకు కనిపించింది వేరు. ఆ పాఠకులకు ఏ నవల మంచిదో, ఏది చెత్తో కచ్చితమైన లెక్కలున్నాయి. విషాదాంతం వద్దు, నాయిక మీద అత్యాచారం చేసినవాణ్ణే నాయకుడంటే ఒప్పుకోం అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు: చదివేంతసేపూ ఆ సమయం మాది, మొగుడిదీ పిల్లలదీ కాదు అని.

ఆ మాట చదివినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది. సత్యనారాయణపురంలో మధ్యాహ్నం గిన్నెలు తోముకుని, కుళాయి నీళ్ళు వచ్చేలోపు దొరికే గంటన్నరలో వారపత్రిక పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఆ గంటన్నరలో ఆవిణ్ణి పలకరించే ధైర్యం బాబాయికి కూడా ఉండేది కాదు.

తెలుగులో కథ వేరే దారిలో నడిచింది. ముందు ప్రేమా, నేరపరిశోధనా విడివిడిగానే ఉండేవి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశారు. చవగ్గా, రైల్వే స్టేషన్లలో కూడా దొరికే ఆ పుస్తకాలు చదవడానికే ఎంతోమంది ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకున్నారని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఇంకోవైపు కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు. మా వీధి అద్దె పుస్తకాల షాపులో ఈ రెంటికీ వేర్వేరు అరలు. డిటెక్టివ్ అర దగ్గర కుర్రాళ్ళు, ప్రేమ అర దగ్గర వాళ్ళ అక్కయ్యలు. అక్కయ్యలు నలుగురి ముందూ అక్కడ నిలబడలేక తమ్ముడికి చీటీ ఇచ్చి పంపేవారు, కాబట్టి కుర్రాళ్ళకు రెండు అరలూ తెలుసు.

అప్పటి పాఠకుల అభిప్రాయాలు చూడాలంటే ఆ అద్దె పుస్తకాల అంచులే చూడాలి. ‘సూపర్’, ‘ఏడుపొచ్చింది’, ‘40వ పేజీ ఎవరు చింపారు?’ అని పెన్సిల్ రాతలు. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ‘హంతకుడు వంటవాడు’ అని రాసిపెట్టే దుర్మార్గులూ ఉండేవారు.

1960ల్లో మధ్యతరగతి ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడం పెరిగింది. విజయవాడలో ఆడపిల్లల మారిస్ స్టెల్లా కాలేజీ 1962లో మొదలైంది. ఉద్యోగం చేసే అమ్మాయి నాయికగా ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిందీ ఆ దశాబ్దంలోనే. రాసిన యద్దనపూడి సులోచనారాణిది కృష్ణా జిల్లా కాజ. ఆవిడ నాయకుడంటే ఆరడుగుల అందగాడు, పెద్ద కారు, అంతకంటే పెద్ద అహంకారం. అమ్మాయిలకు పగటి కలలు అమ్ముతున్నారని విమర్శకులు కోప్పడ్డారు. పాఠకులు మాత్రం పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, కుట్టించి, బైండు చేయించుకున్నారు. ఆడవాళ్ళ పేరుంటేనే నవల అమ్ముడవుతుందని కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్న రోజులవి.

నా ఉద్దేశంలో అసలు మలుపు రచయితల వల్ల వచ్చింది కాదు, పత్రిక వల్ల వచ్చింది. ప్రతి భాగం చివరా ‘సశేషం’ అని పడాలి. పాఠకురాలు వచ్చే వారం మళ్ళీ డబ్బులు పెట్టి కొనాలి. ఇద్దరు మనుషులు మెల్లగా ఒకరికొకరు దగ్గరవుతున్నారన్న సంగతితో ఎన్ని వారాలు ఆపగలరు? అందుకని తలుపు చప్పుడవుతుంది. పేరు లేని ఉత్తరం వస్తుంది. చనిపోయాడనుకున్న మనిషి రైలు దిగుతాడు. విజయవాడ నుంచి వచ్చే స్వాతి 1970లో మాసపత్రికగా మొదలై, 1984లో వారపత్రిక కూడా అయింది. ఆ కాలానికి ప్రేమలో సస్పెన్స్ కలపకుండా సీరియల్ నడపడమే కష్టమనేంత వరకూ వచ్చింది.

యండమూరి వీరేంద్రనాథ్ ‘వెన్నెల్లో ఆడపిల్ల’ ఈ కలయికకు మంచి ఉదాహరణ. చదరంగం ఆటగాడికి ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, చిక్కుముళ్ళు వేసి కనుక్కోమంటుంది. హత్య లేదు, పోలీసు లేడు. ప్రేమకథే, కానీ డిటెక్టివ్ నవల పద్ధతిలో నడుస్తుంది. రెండు అరల దగ్గరి జనమూ ఆ ఒక్క పుస్తకం కోసం ఎగబడ్డారు. చివరికి ఆ అమ్మాయి చనిపోతుంది. (ఇన్నేళ్ళయ్యాక ఈ సంగతి బయటపెట్టినందుకు ఎవరూ తిట్టరనే నమ్మకం.) ఆ ఇంగ్లీషు కొలత ప్రకారం ఇది ప్రేమ నవలే కాదు. తెలుగు పాఠకురాలికి మాత్రం ఇంతకుమించిన ప్రేమ నవల లేదు. ముగింపు సుఖంగా ఉండాలన్న ఒప్పందం మన దగ్గర ఎప్పుడూ లేదు. దేవదాసును చూసి ఏడ్చి పెరిగిన జనం మనం. మా అమ్మాయి ‘హ్యాపీ ఎండింగ్ గ్యారంటీ’ అని చూసుకుని మరీ పుస్తకం కొంటుంటే పిన్నికి నవ్వొస్తుంది. “ముందే తెలిస్తే ఇంక చదవడం ఎందుకే?” అంటుంది.

1995 నుంచి ప్రైవేటు తెలుగు టీవీ చానళ్ళు వచ్చాయి, తర్వాత డైలీ సీరియళ్ళు వచ్చాయి. మధ్యాహ్నం గంటన్నర అటు పోయింది. మా అద్దె షాపు మొదట వీడియో క్యాసెట్ల షాపయింది, తర్వాత ఫోన్ రీఛార్జ్ కొట్టయింది.

మళ్ళీ సశేషం ఫోన్‌లోకే వచ్చింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి యాప్‌లో తెలుగు ప్రేమకథలు భాగాలుగా వస్తాయి, ప్రతి భాగం కిందా పాఠకుల మాట అప్పటికప్పుడే పడుతుంది. “తర్వాతి భాగం ఎప్పుడండీ?”, “హీరోకి అంత కోపం అవసరమా?”, “ఆ విలన్‌ని త్వరగా చంపేయండి, టెన్షన్ తట్టుకోలేకపోతున్నాం” లాంటివి. వారపత్రికకు కార్డు రాసి మూడు వారాలు ఎదురుచూసిన పిన్ని తరానికి ఇది కలలో కూడా రాని వైభోగం. కానీ వచ్చిన మాటలకు భయపడి కథను అటూ ఇటూ తిప్పే రచయితలను చూస్తే, ఆ మూడు వారాల ఆలస్యం కొంత మంచే చేసిందేమో అనిపిస్తుంది.

ఇప్పుడు పెద్ద తగువు డార్క్ రొమాన్స్ మీద. వెంటపడేవాడు, బంధించేవాడు, బెదిరించేవాడే నాయకుడు. కథలో ఏ హింస ఉందో పుస్తకం మొదట్లోనే హెచ్చరికల జాబితా ఇస్తున్నారు. కొందరికి అది మర్యాద, కొందరికి కథ ముందే చెప్పేయడం, ఇంకొందరికి సరుకు అమ్ముకునే బోర్డు. కాలేజీ పిల్లలు అమ్మమ్మల నవలలు తిరగేసి ఆ పొగరు నాయకులకు కూడా ‘రెడ్ ఫ్లాగ్’ (వీడితో జాగ్రత్త) అని ముద్ర వేస్తున్నారు. ఇది కొత్త చూపనుకున్నాను, పిన్ని బైండు పుస్తకాలు దులిపేదాకా. ఒకదాంట్లో నాయకుడు నాయిక చేతిలోని ఉత్తరం లాక్కుని చించే చోట, అంచున పెన్సిల్‌తో రాసి ఉంది: “వీడి చెంప పగలగొట్టాలి.” దాని కిందే, అదే చేతిరాత: “వచ్చే వారం గురువారమే తెచ్చుకోవాలి, అయిపోతాయి.”